గోల్ వెనక వరస

సెప్టెంబరు 6, ఆదివారం

ఓడిపోయాం. రెండో గోల్ గురించి రాయను.

గొంతు బొంగురుపోయింది. రేపు పొద్దున హాస్పిటల్లో ఎలా మాట్లాడతానో తెలియదు. "చప్పుడు ఎంత చిన్నగా వినిపించినా సరే, బటన్ నొక్కండి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పడమే నా ఉద్యోగం. వినికిడి పరీక్ష చేసేదానికి ఆ ఒక్క వాక్యం చాలు. ఇప్పుడు దానికి కూడా గొంతు మిగుల్చుకోలేదు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడి ఫోన్. "చూశావా అక్కా?" అన్నాడు. మా జట్టు గోల్‌కీపర్ వాడే. ఆట మొదలయ్యే ముందు గోల్ దగ్గర నిలబడి, పైన ఆటగాళ్ల ఇళ్లవాళ్లు కూర్చునే గాజుగది వైపు చెయ్యెత్తుతాడు. దాని సంగతి. చూశానన్నాను. అబద్ధం కాదు, చూశాను. కాకపోతే వెనక నుంచి చూశాను.

వాడు గోల్ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. గొంతేంటి అలా ఉందని అడిగితే జలుబన్నాను.

సెప్టెంబరు 7, సోమవారం

రాయనన్నాను గానీ లోపల నిలవడం లేదు.

బంతి నెమ్మదిగానే వచ్చింది. వాడు వంగాడు, చేతులు పెట్టాడు. బంతి చేతుల మధ్యనుంచి, కాళ్ల మధ్యనుంచి దొర్లుకుంటూ వలలోకి పోయింది. మేం గోల్ వెనకే కూర్చుంటాం కాబట్టి అది నేరుగా మా ఒళ్లోకే వస్తున్నట్టనిపించింది. ఒక్క క్షణం స్టాండంతా చప్పుడు లేదు. అప్పుడు వెనక వరసలో ఎవరో "చిల్లికుండ!" అని అరిచారు.

మేస్త్రీ పగలబడి నవ్వాడు. నా పక్క సీటాయన. నిజంగానే తాపీ మేస్త్రీ, ఆదివారం కూడా గోళ్లలో సిమెంటు ఉంటుంది. "భలే మాట పడింది చెల్లెమ్మా!" అని లేచి తనూ అందుకున్నాడు. ముందు వరసలో గంటమ్మ ఊరుకుంటుందా? ఆవిడ ఏదో స్కూల్లో పనిచేసి రిటైరయిందట, వచ్చేటప్పుడు ఆ స్కూలు గంట కూడా తెచ్చుకున్నట్టుంది. చిల్లి అన్నప్పుడొకటి, కుండ అన్నప్పుడొకటి వాయించింది. రెండు నిమిషాల్లో మా స్టాండు, ఇంకో రెండు నిమిషాల్లో ఎదురు స్టాండు. స్టేడియమంతా ఒకటే మాట.

అది అమ్మ మాట. తమ్ముడు చిన్నప్పుడు ఏది చేతికిస్తే అది జారవిడిచేవాడు. పాలగ్లాసు, పలక, ఒకసారి పక్కింటి పసిపాప. దాన్ని మధ్యలో అమ్మ పట్టుకోబట్టి సరిపోయింది. "ఒరే చిల్లికుండా, నీ చేతిలో ఏం నిలుస్తుందిరా" అనేది. ఆ మాటకి రోషమొచ్చి గోడకు బంతి కొట్టి పట్టడం మొదలుపెట్టాడు. అలా గోల్‌కీపర్ అయ్యాడు. అమ్మ పోయాక ఆ మాట మళ్లీ ఎవరి నోటా వినలేదు.

ఎవరికైనా తట్టే మాటే. నీళ్లు నిలవనిదాన్ని చిల్లికుండ అనక ఇంకేమంటారు.

సెప్టెంబరు 10, గురువారం

ఈరోజు ఒక పెద్దాయన నేను మెషీన్లో ఏ చప్పుడూ పెట్టకపోయినా బటన్ నొక్కుతూ పోయాడు. ఇలాంటివాళ్లు తరచూ వస్తుంటారు. వినపడదని ఒప్పుకోలేరు. "నిజం చెప్పండి బాబాయ్, నేనెవరికీ చెప్పను" అన్నాను. "వినపడింది తల్లీ" అన్నాడు నవ్వుతూ. మనుషులు తమకు తాము ఎంత నమ్మకంగా అబద్ధం చెప్పుకుంటారో.

సెప్టెంబరు 13, ఆదివారం

డ్రా. తమ్ముడు బంతి ముట్టుకున్నప్పుడల్లా అదే అరుపు. ఎవరో అట్టముక్క మీద కుండ బొమ్మ వేసి, దానికి చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి మొహం బయటపెట్టి కూర్చున్నారు. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను అరవలేదు. పెదవులు కదిలాయేమో.

మొన్న రిసెప్షన్ అమ్మాయి అడిగింది: "టీవీలో అయితే దగ్గరగా కనిపిస్తుంది కదా మేడమ్, అక్కడికెళ్లి ఆ ఎండలో ఏముందని?" ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. అప్పటినుంచి అదే ఆలోచన. నిజంగా ఏముందక్కడ?

మెట్లున్నాయి. చీకటిగా, తడిగా, ముందువాళ్ల మడమలు చూసుకుంటూ ఎక్కే మెట్లు. పై మెట్టుకు రాగానే ఎదురుగా ఒక్కసారి పచ్చగా మైదానం. ఎన్నిసార్లు చూసినా ఆ మెట్టు మీద నా కాలు ఆగుతుంది. తర్వాత కూర్చోగానే వీపుకి తగిలే వెనకవాళ్ల మోకాళ్లు. పెదవి కాలే టీ, ఎవరో ఎగిరితే ఒళ్లోకి ఒలికే టీ. అవతలి గోల్ మాకు సరిగ్గా కనపడదు. అక్కడ ఏం జరిగిందో చప్పుడు వచ్చాకే తెలుస్తుంది. ముందు చప్పుడు, తర్వాత సంతోషం.

అన్నిటికంటే, లేవడం. లేద్దామని ఎవరూ అనుకోరు, అందరూ లేస్తారు. ఏం అరిచానో నాకే వినపడదు. వారమంతా పరీక్ష గది స్పాంజి గోడల మధ్య కూర్చుని, ఉందా లేదా అన్నంత చిన్న చప్పుళ్లు అమ్ముకునేదాన్ని. అక్కడ నా గొంతు నాకు వినపడకుండా పోతుందే, అదే నాకు కావలసింది. మొన్న చలికాలంలో మేం గెలిచినప్పుడు మేస్త్రీ భార్య నన్ను వాటేసుకుని ఏడ్చింది. ఆవిడ పేరు ఇప్పటికీ నాకు తెలియదు.

అయినా నేను వెళ్లేది వాడి కోసం. గాజుగదిలో చల్లగా కూర్చుంటే వాడికేం బలం? వెనక మనిషి ఉంటే కదా అండ. ఈ సంగతి చెబితే వాడు బాధపడతాడని చెప్పలేదు, అంతే.

సెప్టెంబరు 17, గురువారం

తమ్ముడొచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, గోల్లో నిలబడ్డట్టే, రెండు చేతులూ చాచి.

"అక్కా, ఆ మాట వాళ్లకెలా తెలిసింది?"

"ఏ మాట?"

"ఊరంతా అంటుంటే ఏ మాటంటావేంటి!"

"ఎవడో అని ఉంటాడురా. వాళ్లకేం, నోటికొచ్చింది అంటారు."

"నోటికి వెయ్యి తిట్లొస్తాయి. దద్దమ్మా అనొచ్చు, చేతకానోడా అనొచ్చు. సరిగ్గా అమ్మ మాటే ఎందుకొచ్చింది? తిడితే పడతానక్కా. ఇన్నేళ్లుగా పడుతూనే ఉన్నా. ఇది తిట్టులా లేదు. ఇంట్లోంచి ఎవరో పిలుస్తున్నట్టుంది. అన్నప్పుడల్లా తల తిప్పబోతున్నా. బంతి మీదనుంచి చూపు పోతోంది."

చిక్కుడుకాయలు తుంచుతున్నదాన్ని, తుంచుతూనే ఉన్నాను.

"అమ్మ లేదు. నువ్వు ప్రాణం పోయినా చెప్పవు. తెలిసిన మనిషి ఇంక ఒక్కతే" అన్నాడు.

ఒక్కతే అంటే వాడి భార్య. పెళ్లయిన కొత్తలో అమ్మ ముచ్చట్లన్నీ వాడే చెప్పాడు. మరదలికి మందుల షాపులో ఉద్యోగం. ఆదివారం కూడా డ్యూటీయే, ఆటకి రాదు. షాపులో వందమందితో మాట్లాడుతుంది, ఎవరి దగ్గరో నోరు జారి ఉంటుందని వాడి అనుమానం.

"ఛ, అలా అనుకోకు" అన్నాను. అంతే అన్నాను.

వాడు వెళ్లాక చూస్తే గిన్నెలో ఈనెలున్నాయి, కాయలు చెత్తబుట్టలో ఉన్నాయి.

సెప్టెంబరు 19, శనివారం

మరదలు వచ్చింది. డ్యూటీకి వెళ్తూ దారిలో ఆగింది.

"వదినా, మీరొక్క మాట చెప్పండి. నేను చెబితే గోడకు చెప్పినట్టుంది. షాపులో ఎవరితోనో అన్నావ్, ఎవరితో అన్నావ్ అని మూడు రోజులుగా ఒకటే నస. నేను జ్వరానికి మాత్రలిస్తానా, మా ఆయన ముద్దుపేర్లు పంచిపెడతానా?"

నవ్వొచ్చింది. ఆమెకి ఏడుపొచ్చింది. మంచినీళ్లిచ్చాను.

"మీ మాటంటే ఆయనకు వేదం. నేను అనలేదని మీకు తెలుసు కదా?"

"తెలుసు" అన్నాను. అది మాత్రం నిజం. "నేను మాట్లాడతాలే, నువ్వు వెళ్లు, డ్యూటీకి ఆలస్యమవుతుంది."

గ్లాసు కడిగిపెట్టి వెళ్లింది. అడకత్తెరలో పోకచెక్కనయ్యానని రాయబోయి ఆగాను. ఇక్కడ అడకత్తెర నా చేతిలోనే ఉంది.

సెప్టెంబరు 20, ఆదివారం

ఈరోజు గాజుగదిలో కూర్చున్నాను. బుద్ధిగా, కొడుకు పెళ్లిచూపులకొచ్చిన తల్లిలాగా. సోఫాల్లాంటి కుర్చీలు. అద్దంలోంచి మైదానం కనిపిస్తుంటే పక్కనే దాన్నే చూపించే టీవీ. ఒకమ్మాయి ట్రేలో పళ్లరసం తెచ్చింది. బయట అన్ని వేలమంది నోళ్లు తెరుస్తున్నారు, లోపలికి మాత్రం పైనున్న స్పీకర్లోంచి సన్నటి గుసగుస. నా పరీక్ష గదికి ఇంకో గది తగిలించినట్టుంది. కెప్టెన్ వాళ్లమ్మ అల్లిక తెచ్చుకుంది. గోల్ పోతే "పోనీలెండి", గోల్ వస్తే "మంచిదేగా" అంటుంది.

తమ్ముడు చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. ట్రే అమ్మాయి చెప్పింది, "బయటినుంచి లోపల ఎవరున్నారో కనపడదు మేడమ్" అని. అంటే ఈ ఏడాదంతా వాడు ఖాళీ కుర్చీకి చెయ్యెత్తాడు. నేను ఆ ఖాళీ కుర్చీ మీద ఒట్టేసి చూశానన్నాను.

మొదటి సగం అయ్యేదాకా కూర్చున్నాను. కాళ్లు ఆగలేదు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. తలనొప్పని చెప్పి దిగి, చుట్టూ తిరిగి మా స్టాండుకి పరిగెత్తాను. పరిగెత్తాను అంటే పరిగెత్తాను, ఈ వయసులో, చెప్పులు చేత్తో పట్టుకుని.

"ఇంతసేపు ఎక్కడికెళ్లారు చెల్లెమ్మా? మీరు లేక ఉప్పులేని కూరలా ఉంది" అన్నాడు మేస్త్రీ.

రెండో సగంలో తమ్ముడు మా వైపు గోల్‌కి వచ్చాడు. కాసేపటికి ఒకటి పోయింది. వరసంతా లేచింది. నేనూ లేచాను.

సెప్టెంబరు 21, సోమవారం

వెనక వరసలో ఎవరూ అరవలేదు.

ఆరో తేదీన మొదట అరిచింది నేను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. జారితే కదా. లేచి నిలబడి, ఊపిరంతా కూడగట్టుకుని అరిచాను. అరిచాక మేస్త్రీ నా వీపు మీద చరిచాడు. ఎదురు స్టాండు దాకా నా మాట వెళ్లి తిరిగొచ్చింది. నిన్న కూడా అరిచాను. నిన్న నాకు అన్నీ తెలిసే అరిచాను.

సెప్టెంబరు 24, గురువారం

మరదలు వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది. "తప్పయిందని ఒక్క మాటంటే పోయేదానికి మొండికేసింది" అని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. చెయ్యని తప్పు ఎలా ఒప్పుకుంటుందిరా అనాలి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఇల్లంతా రెండుసార్లు తుడిచాను.

సెప్టెంబరు 25, శుక్రవారం

చెప్పేస్తాను. ఆదివారం ఆట అయ్యాక. ముందే చెబితే వాడి మనసు చెదురుతుంది.

సెప్టెంబరు 27, ఆదివారం

మూడు గోల్స్ ఇచ్చాడు. ఈరోజు చెప్పడం బాగుండదు.

సెప్టెంబరు 28, సోమవారం

కోచ్ పిలిచి రెండు వారాలు మైదానం వైపు రావద్దన్నాడట. విశ్రాంతి అన్నాడట. విశ్రాంతికి ఇంకో అర్థం ఏమిటో ఆటగాళ్లందరికీ తెలుసు. వాడి బదులు రెండో గోల్‌కీపర్ ఆడతాడు.

తమ్ముడి గొంతులో కోపం కూడా లేదు. "అక్కా, నా చెవులు ఒకసారి చూడు. ముందున్నవాళ్లు ఎడమ అంటున్నారో కుడి అంటున్నారో నాకు తెలియట్లేదు. ఆ ఒక్క మాట తప్ప ఏదీ వినపడట్లేదు."

బుధవారం రమ్మన్నాను. పెట్టేసిన ఫోన్ కాసేపు చేతిలోనే పట్టుకుని నడిచాను. నడవడానికి ఈ ఇంట్లో వంటిల్లు, ముందుగది, మళ్లీ వంటిల్లు. అంతే ఉంది.

సెప్టెంబరు 30, బుధవారం

వాడిని పరీక్ష గదిలో కూర్చోబెట్టాను. హెడ్‌ఫోన్లలో ఎర్రది కుడి చెవికి, నీలంది ఎడమ చెవికి పెట్టి, బటన్ చేతికిచ్చి, ఆ బరువైన తలుపు మూశాను. ఇవతల మెషీన్ ముందు నేను. మధ్యలో అద్దం. పరీక్షకొచ్చినవాళ్లు మా చేతులు చూడకుండా పక్కకు తిరిగి కూర్చుంటారు, వాడూ అలాగే కూర్చున్నాడు.

పెద్ద చప్పుడు నుంచి చిన్న చప్పుడుకు వచ్చాను. నొక్కాడు. ఇంకా చిన్నది. నొక్కాడు. నాకే వినపడనంత చిన్నది. దానికీ నొక్కాడు. చప్పుడు ఆపి చూశాను. నొక్కలేదు. వాడి చెవుల్లో ఏ లోపమూ లేదు. ఇంకా ఎన్నేళ్లయినా పనిచేసే చెవులు.

అప్పుడు మైకు మీట నొక్కాను. నేను మామూలుగా మాట్లాడితే అవతలివాళ్ల రెండు చెవుల్లోనూ సమానంగా వినపడుతుంది.

"ఆ మాట అన్నది నేనేరా" అన్నాను. "మరదలు కాదు. ఆరో తేదీన గోల్ వెనక స్టాండులోంచి మొదట అరిచింది నేను. ఏడాదిగా గాజుగదిలో కూర్చోవడం లేదు. నువ్వు చెయ్యెత్తినప్పుడు అక్కడ ఎవరూ లేరు."

మెషీన్ వైపు చూస్తూ చెప్పాను. తలెత్తేసరికి ఇటు తిరిగి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. అవతలి మాట ఇవతలికి వినపడాలంటే ఇంకో మీట ఎత్తాలి. నేను ఎత్తలేదు. వాడు చాలాసేపే మాట్లాడాడు. చెయ్యి కూడా విసిరాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి, జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి, తలుపు తోసుకుని బయటికొచ్చాడు.

"ఎందుకక్కా?"

కోపంలో నోరు జారిందనొచ్చు. నీ మీద ప్రేమతోనే అనొచ్చు. రెండూ నోటి దాకా వచ్చాయి.

"బాగుండిందిరా" అన్నాను. "అలా అరిస్తే నాకు చాలా బాగుండింది. అంతమంది నా మాట అందుకుంటే ఇంకా బాగుండింది. అంత బాగా నాకెప్పుడూ లేదు."

వాడు నా వైపు చూసిన చూపు రాయలేను. "నా చెవులు?" అని మాత్రం అడిగాడు. "బాగున్నాయి. పిన్నీసు పడ్డా వినపడుతుంది నీకు" అన్నాను. వెళ్లిపోయాడు.

తర్వాత ముగ్గురికి పరీక్ష చేశాను. ఎలా చేశానో.

అక్టోబరు 2, శుక్రవారం

మరదలు ఫోన్ చేసింది. ఇంటికి తిరిగొచ్చేసిందట. వాడే వెళ్లి తీసుకొచ్చాడట.

"ఆయన చెప్పారు వదినా."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"అరిచారని కాదు నా బాధ. ఆ వేడిలో ఎవరైనా అరుస్తారేమో, నాకు తెలియదు. ఆరోజు నేను మీ ఇంటికొచ్చి ఏడుస్తుంటే మంచినీళ్లిచ్చారే, ఆ గ్లాసు ఇచ్చేటప్పుడైనా చెప్పాల్సింది."

"అవునమ్మా" అన్నాను. తప్పయిందన్నాను. ఆమె విన్నది. ఫర్వాలేదని మాత్రం అనలేదు. అనకపోవడమే న్యాయం.

అక్టోబరు 4, ఆదివారం

వెళ్లలేదు.

బీరువా సర్దాను. సర్దిన బీరువా మళ్లీ తీసి సర్దాను. నాలుగింటికి కుర్చీలో కూర్చున్నాను, ఐదు నిమిషాలకు లేచాను. కింద ఎవరింట్లోనో టీవీ పెట్టారు. గోల్ పడ్డ అరుపు మెట్లమీదుగా వచ్చింది. మాదో, వాళ్లదో. బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. పక్కింటావిడ బట్టలు తీస్తూ "ఏంటండీ, ఎవరైనా వస్తున్నారా?" అని అడిగింది. లేదన్నాను.

అక్టోబరు 8, గురువారం

తమ్ముడి ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తడు. మరదలికి చేస్తే "బాగానే ఉన్నారు" అంటుంది. ఇంకేం కావాలి నాకు. బాగానే ఉన్నాడు.

అక్టోబరు 11, ఆదివారం

మధ్యాహ్నం తలుపు కొట్టారు. తీస్తే తమ్ముడు. టోపీ కళ్ల దాకా దించుకున్నాడు.

"పద" అన్నాడు.

"ఎక్కడికి?"

"నువ్వు కూర్చునే చోటికి. ఊహ తెలిసినప్పటినుంచి గీత లోపలే ఉన్నా. బయట అంత బాగుండేది ఏంటో చూడాలి."

వెటకారమో, నిజమో మొహం చూస్తే తెలియలేదు. చీర మార్చుకుంటానంటే "అక్కర్లేదు, ఆలస్యమవుతుంది" అన్నాడు. దారంతా నేనే ఏదో ఒకటి వాగుతూ పోయాను, ఎండ గురించి, బస్సు గురించి. నా మాటలు నాకే రోతగా ఉన్నాయి.

పై మెట్టు మీద వాడి కాలు ఆగింది. వెనకనుంచి "ఏంటి బాబూ, ఇల్లు కడతావా అక్కడ?" అని ఎవరో తోశారు. వాడు గోల్ వైపు చూస్తున్నాడు. "ఇక్కడినుంచి ఎంత చిన్నగా ఉంది" అన్నాడు. "లోపల నిలబడితే అంత పెద్దగా ఉంటుంది."

మేస్త్రీ జరిగి చోటిచ్చాడు. మా వరసవాళ్లు వాడిని గుర్తుపడతారని భయపడ్డాను. ఒక్కరూ పట్టలేదు. పోస్టర్ల మీద గోల్ కొట్టేవాళ్ల మొహాలే వేస్తారు. మా స్టాండుకి వాడి వీపు మాత్రమే తెలుసు.

"మీ తమ్ముడా చెల్లెమ్మా? ఏం చేస్తుంటావు బాబూ?"

"ప్రస్తుతం ఖాళీగా ఉన్నానండీ."

"చేతులు చూడు, ఎంతున్నాయో. మా పనికొచ్చెయ్. ఇటుకలందుకోవచ్చు."

"జారవిడుస్తానండీ" అన్నాడు తమ్ముడు. మేస్త్రీ నవ్వాడు. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు.

రెండో గోల్‌కీపర్ మా ముందే నిలబడ్డాడు. పొడగరి, ఇద్దరు పిల్లల తండ్రి. తమ్ముడితో కలిసి రోజూ సాధన చేసేవాడే. అతను ఎటు దూకితే తమ్ముడి భుజం అటు ఒరుగుతోంది, పక్కనున్న మేస్త్రీని తోసేస్తోంది. "కూర్చో బాబూ, నువ్వేమన్నా పట్టాలా" అని మేస్త్రీ విసుక్కున్నాడు. ఒకసారి తమ్ముడు "ముందుకు రా, ముందుకు!" అని పళ్ల మధ్య అనుకున్నాడు. అతను రాలేదు. బంతి చేతి కిందనుంచి జారి వలలో పడింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. నా అవసరమేముంది? స్టాండు అవతలి చివరనుంచి మొదలైంది. చిల్లికుండ, చిల్లికుండ. తమ్ముడు ఆడకపోయినా ఆ పేరు ఆ గోల్లోనే ఉండిపోయింది. ఎవరు నిలబడితే వాళ్లకి. గంటమ్మ గంట. వరసంతా లేచింది. మేమిద్దరం కూర్చున్నాం.

"లేవండి, కూర్చున్నారేంటి శవం దగ్గర కూర్చున్నట్టు!" అన్నాడు మేస్త్రీ.

తమ్ముడు లేచాడు. కొడతాడనుకున్నాను. మేస్త్రీనో, ఆ అట్టముక్కవాణ్ణో పట్టుకుని కొడతాడని నేనూ లేచి వాడి చొక్కా పట్టుకున్నాను. వాడు నోరు తెరిచి అరిచాడు. ఆ మాటే. మెడ నరాలు ఉబ్బేలా, గొంతు చీరుకుపోయేలా అరిచాడు. గంటతో పాటు ఇంకోసారి. మేస్త్రీ వాడి వీపు మీద చరిచి "అదీ!" అన్నాడు. ఇంకోసారి అరిచాడు. వాడి మొహం అంత వెలిగిపోవడం చిన్నప్పుడు కూడా చూడలేదు.

అప్పుడు రెండో గోల్‌కీపర్ బంతి కోసం వలలోకి వచ్చి, వంగి, తీసుకుంటూ మా వైపు తలెత్తాడు. అంతమందిని ఒకేసారి చూశాడు. తమ్ముడు టోపీ కిందకు లాక్కుని కూర్చుండిపోయాడు. కళ్లలో నీళ్లు.

"ఇంత బాగుంటుందా అక్కా?" అన్నాడు.

"అవున్రా" అన్నాను.

ఆ ఆట ఎలా ముగిసిందో నాకు సరిగ్గా గుర్తులేదు. దిగేటప్పుడు మెట్ల మీద ఒకటే తోపులాట. ఆ తోపులాటలో చెప్పాడు, వచ్చే ఆదివారం వాడే దిగుతున్నాడని.

"అయితే గాజుగదిలో కూర్చుంటాను" అన్నాను.

"వద్దు. అక్కడ నువ్వు లేకపోయినా ఏడాదిపాటు నాకు తేడా తెలియలేదు. ఇక్కడే కూర్చో."

"గోల్ పోతే వీళ్లతో పాటు లేస్తానేమోరా. నేను మాటివ్వలేను."

"లేస్తే లే. అరుస్తే అరుచుకో. ఆపుకోవడం ఎవరివల్లా కాదని చూశాగా." రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "ఒక్కటి చెప్పు. ఇన్నేళ్లలో నేను పట్టినవి కూడా ఉన్నాయి కదా. పట్టినప్పుడు ఒక్కసారైనా అరిచావా?"

మెట్ల మధ్యలో ఆగి ఆలోచించాను. వాడు పట్టినవి చాలానే గుర్తొచ్చాయి. గాల్లోకి ఎగిరి వేలి కొసలతో తోసేసినవి, నలుగురి కాళ్ల మధ్య దూరి పొట్టకు అదుముకున్నవి. అలాంటప్పుడు మేం హమ్మయ్య అనుకుంటాం. కూర్చుంటాం. టీ చల్లారిందేమో చూసుకుంటాం. గోల్ కొట్టినవాడి కోసం అరిచాను, గోల్ పోయినప్పుడు అరిచాను. పట్టినందుకు అరిచిన రోజు ఎంత వెతికినా ఒక్కటి దొరకలేదు.

"లేదురా" అన్నాను.

వెనకనుంచి జనం తోస్తుంటే వాడు నా మోచెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దింపాడు.